అమ్మకు కరెంటు పెట్టించాలా?

ప్రశ్న: మా అమ్మకు 69 ఏళ్లు. మాది నెల్లూరు దగ్గర పల్లెటూరు. నాన్న పోయాక అమ్మ చెన్నైలో, పోరూరులో, మా దగ్గరే ఉంటోంది. మూడు వారాల కిందట ఎడమ రొమ్ములో గడ్డ వరకే తీశారు, రొమ్ము తీయలేదు. గడ్డ 1.3 సెంటీమీటర్లు, గ్రేడ్ 2, ఈఆర్ 90 శాతం, పీఆర్ 70 శాతం, హెర్-2 నెగటివ్, కేఐ-67 10 శాతం. చంకలో మూడు గ్రంథులు తీసి చూశారు, దేంట్లోనూ ఏమీ లేదు. మార్జిన్లు క్లియర్. కీమో అక్కర్లేదన్నారు. అక్కడి రేడియేషన్ డాక్టరు పదిహేను సిట్టింగులు, ఆపైన గడ్డ ఉన్న చోటికి అదనంగా ఇచ్చే బూస్ట్ ఇంకో నాలుగైదు అన్నారు. సెకండ్ ఒపీనియన్‌కి వెళ్తే ఆ డాక్టరు, "ఈ వయసుకి, ఈ రిపోర్టుకి రేడియేషన్ లేకపోయినా ఫరవాలేదు, ఐదేళ్లు మాత్ర వేసుకుంటే చాలు" అన్నారు. అమెరికాలో ఉన్న తమ్ముడు, గడ్డలోని జన్యువులను చూసే ఆంకోటైప్ టెస్టు చేయించి దాన్నిబట్టి చూద్దాం అంటున్నాడు. అమ్మది ఒకటే మాట, "నాకు కరెంటు వద్దే." రేడియేషన్‌ని అమ్మ అనేది అలాగే. ముప్పై ఏళ్ల కిందట మా పిన్నికి కరెంటు పెట్టినప్పుడు దగ్గరుండి చూసింది తను. (మాత్రలన్నా అంతే. బీపీ మాత్ర వారానికి నాలుగు రోజులు వేసుకుంటే గొప్ప.) ఇద్దరు డాక్టర్లలో ఎవరి మాట కరెక్టు? ఇంకొకటి, అమ్మ అడగమంది: కరెంటు పెట్టించుకుంటే మా పాపను పక్కలో పడుకోబెట్టుకోవచ్చా? పాపకి నాలుగేళ్లు.

- ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం: మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన వాక్యాన్ని మీరు బ్రాకెట్లో పెట్టేశారు. బీపీ మాత్ర సంగతి. ఆ మాట ఇద్దరు డాక్టర్ల దగ్గరా మీరు ఎత్తి ఉండరని నా అనుమానం. వాళ్ళూ అడిగి ఉండరు. క్యాన్సర్ ఫైలు చంకన పెట్టుకుని వెళ్ళినప్పుడు బీపీ మాత్ర గురించి ఎవరు మాట్లాడతారు! కానీ ఈ నిర్ణయం సగానికి పైగా దాని మీదే తేలుతుంది. ఎందుకో చెప్తాను. ముందు రిపోర్టు చూద్దాం.

రిపోర్టు మంచిది. క్యాన్సర్ రిపోర్టును పట్టుకుని మంచిది అంటే వినడానికి బాగుండదు గానీ, మా డాక్టర్ల వాడుక అది. గడ్డ రెండు సెంటీమీటర్ల లోపే ఉంది, చంకలోకి పాకలేదు, తీసిన ముక్క అంచుల్లో కణాలు లేవు. ఈఆర్ 90 శాతం అంటే గడ్డలోని కణాల్లో నూటికి తొంభై ఈస్ట్రోజెన్ హార్మోన్‌ని అందుకునే రకం అన్నమాట. ఆ హార్మోన్ అందకుండా చేస్తే అవి పెరగలేవు. ఐదేళ్ల మాత్ర చేసే పని ఇదే. పీఆర్ కూడా అలాంటి అంకే, ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్‌ది. కణాలను తొందరగా పెంచే హెర్-2 ప్రొటీన్ నెగటివ్, పెరిగే పనిలో ఉన్న కణాల శాతం చెప్పే కేఐ-67 తక్కువ కాబట్టి ఇది నెమ్మదిగా నడిచే జాతి. ఒక్క జాగ్రత్త చెప్పాలి: కేఐ-67 అంకె ల్యాబుకీ ల్యాబుకీ మారుతుంది. ఒకే గడ్డ ముక్కని రెండు చోట్ల చూపిస్తే ఒకచోట 10, ఇంకోచోట 20 రావడం నేను చూశాను. మిగతా అంకెలతో కలిపి చదువుకోవాలి తప్ప ఆ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోకండి.

ఇక రేడియేషన్. గడ్డ తీసేశాం, అంచులు శుభ్రం అన్నారు, మళ్ళీ ఇదెందుకు అని అడగని వాళ్ళను నేను చూడలేదు. మీ అమ్మగారు నెల్లూరు పల్లె మనిషి, తుంగ సంగతి ఆవిడకు ఒకరు చెప్పక్కర్లేదు. పైకి కనిపించిందంతా పీకేసినా మట్టిలో చిన్న చిన్న గడ్డలు మిగిలాయో లేదో కంటికి తెలియదు. మిగిలితే మళ్ళీ మొలుస్తుంది. రేడియేషన్ ఆ మట్టికి. అమెరికాలో 1976లో మొదలుపెట్టిన ఒక పెద్ద పరీక్షలో ఆడవాళ్ళను ఇరవై ఏళ్ల పాటు గమనించి 2002లో ఫలితాలు ప్రకటించారు. గడ్డ మాత్రమే తీయించుకున్న వాళ్ళలో నూటికి 39 మందికి అదే రొమ్ములో మళ్ళీ వచ్చింది. రేడియేషన్ కూడా తీసుకున్న వాళ్ళలో 14 మందికే. రొమ్ము మొత్తం తీసేసిన వాళ్ళూ, ఉంచుకున్న వాళ్ళూ బతికిన కాలంలో తేడా కనపడలేదు. ఈ రోజు మీ అమ్మగారి రొమ్ము తీయకుండా గడ్డ వరకే తీశారంటే ఆ పరీక్ష పుణ్యమే. "గడ్డ తీస్తే రేడియేషన్ తప్పనిసరి" అనే సూత్రం కూడా అక్కణ్ణుంచి వచ్చిందే. మీ మొదటి డాక్టరు ఆ సూత్రం మీద నిలబడ్డారు.

అయితే ఆ 39 మందిలో అన్ని వయసుల వాళ్ళూ, అన్ని రకాల గడ్డల వాళ్ళూ ఉన్నారు. వయసు మీద పడి, చిన్న గడ్డతో, ఈఆర్ బాగా ఉండి, మాత్ర వేసుకునే వాళ్ళకి కూడా ఇంత అవసరమా అని తర్వాత విడిగా చూశారు. 70 దాటిన 636 మంది మీద అమెరికాలో ఒక పరీక్ష జరిగింది. పదేళ్లకి రేడియేషన్ తీసుకోని వాళ్ళలో నూటికి 10 మందికి ఆ రొమ్ములోనో చంకలోనో తిరగబెట్టింది, తీసుకున్న వాళ్ళలో ఇద్దరికి. 65 దాటిన 1,326 మంది మీద బ్రిటన్ వాళ్ళు నడిపిన ప్రైమ్-2 పరీక్ష పదేళ్ల లెక్క 2023లో వచ్చింది. రేడియేషన్ లేకపోతే 9.5 శాతం, ఉంటే 0.9 శాతం. బతికి ఉన్న వాళ్ళు రెండు వైపులా దాదాపు 81 శాతమే. చనిపోయిన వాళ్ళలోనూ ఎక్కువ మంది ఈ జబ్బుతో కాకుండా వేరే కారణాలతో పోయారు.

శాతాలు కాగితం మీద ఒకలా, మన ఇంట్లో మనిషికి వచ్చేసరికి ఇంకోలా కనిపిస్తాయి. అందుకని ఇలా చూడండి. మీ అమ్మగారి లాంటి నూరుమంది పెద్దావిడలను ఒక కల్యాణమండపంలో కూర్చోబెట్టారనుకుందాం. అందరూ మాత్ర వేసుకుంటారు, ఎవరికీ రేడియేషన్ ఇవ్వలేదు. పదేళ్లయ్యాక తొమ్మిది పదిమందికి అదే రొమ్ములో మళ్ళీ గడ్డ వస్తుంది. మిగతా తొంభై మందికీ రేడియేషన్ ఇవ్వకపోవడం వల్ల పోయిందేమీ లేదు. నూరుమందికీ ఇచ్చి ఉంటే ఒక్కరికి వచ్చేది. అంటే ఎనిమిది తొమ్మిది మందికి లాభం. మళ్ళీ వచ్చిన వాళ్ళకు ప్రాణం మీదకి రావడం అరుదు గానీ, ఇంకో ఆపరేషన్ తప్పదు, ఈసారి రొమ్మే తీయాల్సి రావచ్చు. డెబ్భై ఎనిమిదో ఏట ఆ ఆపరేషన్ ఎలా ఉంటుందో ఆలోచించుకోవాలి. ఆ తొమ్మిది మందిలో మీ అమ్మగారు ఉంటారో ఉండరో చెప్పగల డాక్టరు పోరూరులోనూ లేరు, బోస్టన్‌లోనూ లేరు.

కాబట్టి ఇద్దరిలో ఎవరు కరెక్టు అన్న ప్రశ్నను పక్కన పెట్టేయండి. ఒకరు తిరగబెట్టడం గురించి మాట్లాడారు, ఇంకొకరు ప్రాణం గురించి. ఇద్దరి మాటకీ ఆధారం ఉంది.

ఇప్పుడు బ్రాకెట్లోకి వద్దాం. రేడియేషన్ లేకున్నా ఫరవాలేదని తేల్చిన ఈ పరీక్షలు రెండింటిలోనూ అందరికీ హార్మోన్ మాత్ర రాశారు. ఆ మాత్ర ఉంది కాబట్టే పదికి ఆగింది. మాత్రకు సరిగా లొంగని వాళ్ళు, అంటే ఈఆర్ తక్కువగా ఉన్నవాళ్ళు, ప్రైమ్-2లో కొందరు ఉన్నారు. రేడియేషన్ లేకుండా ఉన్నప్పుడు వాళ్ళకి తిరగబెట్టడం మిగతావాళ్ళకన్నా రెట్టింపు దాటింది. రెండో డాక్టరు "మాత్ర వేసుకుంటే చాలు" అన్నారు చూశారా, అందులో బరువంతా "వేసుకుంటే" అన్న మాట మీదే ఉంది. రోజూ, ఐదేళ్లు. వారానికి నాలుగు రోజులు అనేది ఆ లెక్కలోకి రాదు.

ఆ మాత్ర బీపీ మాత్రలా నోరెత్తకుండా ఉండేది కూడా కాదు. ఈ వయసులో మామూలుగా లెట్రోజోల్ గానీ అనాస్ట్రోజోల్ గానీ రాస్తారు. పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోవడం, మోకాళ్ళ నొప్పి, ఒంట్లోంచి ఆవిర్లు వచ్చినట్టు ఉండటం చాలామందికి ఉంటాయి. ఎముకలు పలచబడతాయి, అందుకే మొదలుపెట్టే ముందు డెక్సా స్కాన్ తీసి, కాల్షియం, విటమిన్ డి చూసుకోవాలి. టామాక్సిఫెన్ అయితే ఎముకల గొడవ ఉండదు గానీ, కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు, గర్భసంచి లోపలి పొర సమస్య ఉంటాయి. భయపెట్టడానికి చెప్పట్లేదు, అందరికీ అన్నీ రావు. కానీ ఐదేళ్లూ పూర్తిచేయకుండా మధ్యలో ఆపేసే వాళ్ళు ఎక్కడైనా ఎక్కువే.

ఇందులో నా తప్పు ఒకటి ఉంది. చాలా ఏళ్ల కిందట డెబ్భై దాటిన ఒకావిడకి, అచ్చం ఇలాంటి రిపోర్టే, రేడియేషన్ అక్కర్లేదమ్మా, మాత్ర వేసుకో చాలు అని పంపించాను. రెండేళ్ల తర్వాత చెకప్‌కి వచ్చి చేతిసంచి తీసి నా బల్ల మీద బోర్లించింది. పదకొండు స్ట్రిప్పులు, ఒక్కదానికీ చిల్లు పడలేదు. "మొదట్లో వేసుకున్నానండీ. వేళ్ళు ముడుచుకోక చపాతీ పిండి కలపలేకపోయా. మీరు రాశారు కదా అని కొనడం మాత్రం మానలేదు" అంది. ప్రతి నెలా ఆ మాత్రలు కొని తెచ్చిచ్చిన కొడుకు పక్కనే నిలబడ్డాడు. అతనికీ అప్పుడే తెలిసింది. ఆవిడకి అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి రేడియేషన్ మానేద్దాం అన్న మాట నా నోటి వెంట వచ్చే ముందు ఇంట్లో ఉన్న మాత్రల డబ్బా తెమ్మంటాను. బీపీదైనా సరే, షుగరుదైనా సరే. ఆ డబ్బా చెప్పినంత నిజం ఏ ల్యాబూ చెప్పదు.

ఇప్పుడిప్పుడే ఇంకో ఆలోచన కూడా ముందుకొస్తోంది. రెండింటిలో ఒకటి మానేయాల్సి వస్తే అది రేడియేషనే ఎందుకు కావాలి, మాత్ర ఎందుకు కాకూడదు? యూరప్‌లో 70 దాటిన వాళ్ళ మీద యూరోపా అనే పరీక్ష నడుస్తోంది. కొందరికి రేడియేషన్ ఒక్కటే, కొందరికి మాత్ర ఒక్కటే. రెండేళ్లకి చూస్తే రోజువారీ బతుకు రేడియేషన్ వాళ్ళకే మెరుగ్గా ఉంది. తిరగబెట్టడం విషయంలో లెక్క తేలడానికి ఇంకా టైముంది, కాబట్టి దీన్ని పట్టుకుని మీరు మాత్ర మానిపించొద్దు. మాత్ర రొమ్ముకొక్కదానికే కాదు, ఎముకలకీ ఊపిరితిత్తులకీ పాకకుండా, రెండో రొమ్ములో రాకుండా కూడా కాపలా కాస్తుంది. రేడియేషన్‌కి ఆ పని చేతకాదు. నేను చెప్పేదల్లా, "వయసైన వాళ్ళు కదా, రేడియేషన్ కష్టం, మాత్ర తేలిక" అని మనం అనుకునే వరస చాలామంది విషయంలో తిరగబడి ఉంటుందని.

అందుకే, మీరు అడగకపోయినా నా మొగ్గు చెప్తున్నాను. మాత్ర నికరంగా వేసుకునే మనిషైతే రేడియేషన్ మానేయడాన్ని నేను అభ్యంతరపెట్టను. మీరు రాసినదాన్నిబట్టి మీ అమ్మగారు ఆ కోవ మనిషి కాదు. అలాంటప్పుడు నేను రేడియేషన్ వైపే మొగ్గుతాను, కానీ పదిహేనూ ప్లస్ బూస్ట్ కాదు. ఐదు. సోమవారం మొదలుపెడితే శుక్రవారానికి అయిపోతుంది. బ్రిటన్‌లో ఫాస్ట్-ఫార్వర్డ్ అనే పరీక్షలో 4,096 మందిని పెట్టి చూశారు. మూడు వారాల్లో 40 గ్రే (రేడియేషన్ డోసుకి కొలత గ్రే) ఇచ్చినా, ఒక వారంలో ఐదు సిట్టింగుల్లో 26 గ్రే ఇచ్చినా ఐదేళ్లకి జబ్బు అదుపులో తేడా లేదు. 2020లో ఆ ఫలితాలు వచ్చాక అక్కడ ఇదే మామూలు వైద్యమైపోయింది. మన దగ్గర కూడా చాలా చోట్ల ఇస్తున్నారు. మీ మొదటి డాక్టరును "ఐదుతో కుదురుతుందా, కుదరకపోతే మా అమ్మ విషయంలో ఎందుకు కుదరదు" అని నేరుగా అడగండి. బూస్ట్ సంగతీ అడగండి. దాని లాభం వయసులో ఉన్నవాళ్ళకు ఎక్కువ, అరవై దాటి అంచులు శుభ్రంగా ఉన్నవాళ్ళకు చాలా చిన్నది. రొమ్ము మొత్తానికి కాకుండా గడ్డ ఉన్న భాగానికే ఇచ్చే పద్ధతి కూడా ఉంది, ఇలాంటి గడ్డలకి అది సరిపోతుందేమో అడగండి.

ఇక "కరెంటు వద్దే" అన్న మాట. మనవాళ్ళు దీనికి కరెంటు అని పేరు ఎవరు పెట్టారో గానీ, సగం భయం ఆ పేరులోనే ఉంది. షాక్ కొడుతుందేమో అనుకుని టేబుల్ ఎక్కనన్న వాళ్ళున్నారు. మీ పిన్నిగారికి ముప్పై ఏళ్ల కిందట అంటే బహుశా కోబాల్ట్ మిషన్ అయి ఉంటుంది. ఐదు వారాలు, పాతిక సిట్టింగులు, చంక కింద మడతలో చర్మం నల్లబడి ఊడి రసి కారడం, ఆ రోజుల్లో మామూలు. మీ అమ్మగారు కళ్ళారా చూసింది అదే. ఆవిడ భయం ఉత్త భయం కాదు. ఇప్పటి లీనియర్ యాక్సిలరేటర్‌లో సీటీ స్కాన్ చూసి కంప్యూటర్ మీద ప్లాన్ వేసి, రొమ్ము అంతటా డోసు సమంగా పడేట్టు చూస్తారు. చర్మం ఎర్రబడుతుంది, ఎండలో తిరిగొచ్చినట్టు. వారం కోర్సులో అది సిట్టింగులు అయిపోయాక ఒకటి రెండు వారాలకి ఎక్కువై తర్వాత తగ్గుతుంది. అప్పుడు కంగారు పడొద్దు. నీరసం కొన్ని వారాలుంటుంది. తల వెంట్రుకలు రాలవు, వాంతులు ఉండవు. కొన్ని నెలల తర్వాత రొమ్ము కాస్త గట్టిపడటం, చిన్నబడటం కొందరికి ఉంటుంది.

ఆ గదిలో ఏం జరుగుతుందో ఆవిడకి ముందే చెప్పేయండి. మొదట ఒక రోజు ప్లానింగ్ సీటీ. రెండు చేతులూ తల పైకి పెట్టి ఒక వాలు పలక మీద పడుకోవాలి. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి పూర్తిగా లేవకపోతే ఆ భంగిమే కుదరదు, కాబట్టి గోడ మీద వేళ్ళు పాకించే వ్యాయామం ఈ రోజు నుంచే చేయించండి. ఒంటి మీద మూడు నాలుగు చోట్ల చుక్కలు పెడతారు. మరుసటి రోజు తలంటు పోసుకుని సున్నిపిండితో ఆ చుక్కలు రుద్దేసుకొచ్చి మళ్ళీ మొదటికి తెచ్చిన పెద్దావిడలు బోలెడంత మంది. సిట్టింగు రోజుల్లో ఆ చోట పసుపు, కొబ్బరినూనె, పౌడరు ఏవీ పూయొద్దు. మెత్తటి నూలు రవిక, వదులుగా ఉన్నది. అసలు సిట్టింగులో ఎక్కువసేపు పట్టేది సరిగ్గా పడుకోబెట్టడానికే, మిషన్ పనిచేసేది కొద్ది నిమిషాలు. గుయ్ మని శబ్దం వస్తుంది, ఏమీ తగలదు, ఏమీ కాలదు. గదిలో ఒంటరిగా ఉంటారు గానీ బయట కెమెరాలో చూస్తూనే ఉంటారు, మాట్లాడితే వినిపిస్తుంది.

ఎడమ వైపు కాబట్టి గుండె సంగతి చెప్పకుండా వదలకూడదు. రొమ్ము వెనకే గుండె. గుండె మీద సగటున పడే ప్రతి ఒక్క గ్రేకి గుండెజబ్బు ముప్పు ఉన్నదాని మీద ఏడు శాతం చొప్పున పెరుగుతుందని 2013లో పాత రోగుల రికార్డుల నుంచి లెక్క కట్టారు. అందుకే ఎడమ వైపు వాళ్ళకు ఊపిరి నిండా పీల్చి బిగబట్టే పద్ధతి వచ్చింది. ఊపిరితిత్తి గాలితో ఉబ్బితే గుండె వెనక్కీ కిందికీ జరుగుతుంది, ఆ ఇరవై సెకన్లలోనే మిషన్ ఆన్ చేస్తారు, వదలగానే ఆపేస్తారు. కుర్రవాళ్ళకి ఇది నేర్పడానికి అరగంట పడుతుంది. ఒక పెద్దావిడకి ఇంగ్లీషులోనూ తమిళంలోనూ చెప్పి మా టెక్నీషియన్ అలిసిపోతుంటే నేను వెళ్ళి ప్రాణాయామం భాషలో "పూరకం, కుంభకం, అంతేనమ్మా" అన్నాను. "ముందే చెప్పొచ్చుగా నాయనా" అని మొదటిసారే ముప్పై లెక్కపెట్టింది. మీ అమ్మగారికి ఆ సౌకర్యం ఉన్నచోటే చేయించండి. ప్లాన్ అయ్యాక గుండెకి సగటు డోసు ఎంత వచ్చిందని అడగండి, చెప్తారు. అన్నట్టు, ఆవిడ గుండెకి ఈ ఐదు సిట్టింగుల కన్నా వారంలో మూడు రోజులు ఎగ్గొడుతున్న బీపీ మాత్రే పెద్ద ముప్పు. అది ఎటూ సరిచేయాల్సిందే.

తమ్ముడికి ఒక మాట. ఆంకోటైప్ మంచి పరీక్షే, కానీ అది పుట్టింది కీమో ఇవ్వాలా వద్దా తేల్చడానికి. మీ అమ్మగారికి కీమో అక్కర్లేదని ఇప్పటికే అన్నారు. రేడియేషన్ మానేయడానికి దాన్ని వాడొచ్చా అని పరీక్షలు నడుస్తున్నాయి. 50 నుంచి 69 ఏళ్ల వాళ్ళు రెండొందల మందితో ఐదేళ్ల ఫలితం ఒకటి 2024లో వచ్చింది, బాగానే ఉంది, కానీ చిన్నది. బెంగళూరులో తయారైన కాన్అసిస్ట్ అనే టెస్టు కూడా ఉంది, అదీ జబ్బు దూరంగా పాకే ముప్పును అంచనా కట్టేదే. ఏ స్కోరు వచ్చినా మీ నిర్ణయం మారనప్పుడు లక్షలు పోసి స్కోరు తెప్పించడం ఎందుకు? ఆ డబ్బుతో తమ్ముణ్ణి రెండు వారాలు వచ్చి వెళ్ళమనండి.

ఇది చదివే ఇంకొందరికి కూడా చెప్పాలి. ఇదంతా 65 దాటి, చిన్న గడ్డతో, చంక శుభ్రంగా ఉండి, ఈఆర్ గట్టిగా ఉన్నవాళ్ళ మాట. కెనడాలో 55 దాటిన వాళ్ళ మీద ఒక పరీక్ష 2023లో వచ్చింది, కేఐ-67 బాగా తక్కువ ఉన్నవాళ్ళను ఏరి, రేడియేషన్ లేకుండా ఐదేళ్లు చూస్తే 2.3 శాతానికే తిరగబెట్టింది. అయితే ఐదేళ్లే, ఆ కేఐ-67 కూడా ప్రత్యేక పద్ధతిలో కొలిచింది. మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాల కన్నా పదేళ్లు ముందే వస్తోంది. నలభై ఐదేళ్ల మనిషి, ఈఆర్, పీఆర్, హెర్-2 మూడూ లేని ట్రిపుల్ నెగటివ్ వాళ్ళు, హెర్-2 పాజిటివ్ వాళ్ళు, చంకలో గ్రంథికి సోకిన వాళ్ళు "ఎవరో పెద్దావిడకి అక్కర్లేదన్నారట" అని రేడియేషన్ మానేస్తే కొంప మునుగుతుంది.

ఇప్పుడు చేయాల్సింది. తొందర లేదు. కీమో లేనివాళ్ళకి ఆపరేషన్ అయిన రెండు మూడు నెలల లోపు మొదలుపెడితే చాలు, మీకు ఇంకా అయిదారు వారాలుంది. ఆ గడువులో మాత్ర మొదలుపెట్టి చూడొచ్చేమో డాక్టర్ని అడగండి. ఆరు వారాల్లో అంతా తేలిపోదు, కీళ్ళ నొప్పులు రెండో నెలలోనో మూడో నెలలోనో కూడా మొదలవుతాయి. కానీ మాత్ర తీరు, మీ అమ్మగారి తీరు రెండూ కొంత బయటపడతాయి. స్ట్రిప్పు మీరే లెక్కపెట్టండి. ఆవిడకి తెలిసేలాగే, దొంగచాటుగా కాదు.

ఇంకొకటి నేను ఊహిస్తున్నాను, తప్పైతే క్షమించండి. డాక్టరు మీతో ఇంగ్లీషులోనో తమిళంలోనో మాట్లాడారు, మీరు బయటకొచ్చాక ఆటోలో అమ్మకి నాలుగు ముక్కలు చెప్పారు, అందులో భయపడతారనుకున్నవి తీసేశారు. అందరం అదే చేస్తాం. ఈసారి ఆవిడనే డాక్టరు పక్క కుర్చీలో కూర్చోబెట్టండి. నెల్లూరు, తిరుపతి, గూడూరు జనమంతా వైద్యానికి మద్రాసుకే వస్తారు కాబట్టి ఇక్కడి ఏ పెద్దాసుపత్రిలోనైనా తెలుగు తెలిసిన నర్సో టెక్నీషియనో దొరుకుతారు, అడిగితే పిలుస్తారు. ముత్తులక్ష్మీ రెడ్డి గారు 1954లో మొదలుపెట్టిన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో అయితే వరండాలో నిలబడితే సగం మాటలు తెలుగే వినిపిస్తాయి. మండపం లెక్క ఆవిడకి చెప్పండి, నూటికి పది, నూటికి ఒకటి. ఐదు రోజుల సంగతి చెప్పండి, ఐదేళ్ల మాత్ర సంగతీ చెప్పండి. పిన్నికి ఏం జరిగిందో ఆవిడ చెప్పేది డాక్టరుని విననివ్వండి. అన్నీ విన్నాక కూడా "కరెంటు వద్దు, మాత్ర రోజూ వేసుకుంటా" అంటే ఆ మాట నెగ్గాలి. ఏడాదికోసారి మామోగ్రామ్ తప్పకుండా చేయిస్తూ పోతే సరిపోతుంది. రెండూ వద్దంటే మాత్రం నాకు మళ్ళీ రాయండి, అది వేరే ఉత్తరం.

పాప సంగతి. ఆవిడకి ఇచ్చేది బయటి నుంచి వచ్చి పోయే కిరణం, లైటు ఆపేస్తే వెలుతురు పోయినట్టు మిషన్ ఆపగానే అదీ పోతుంది. ఒంట్లో ఏమీ మిగలదు, ఎవరికీ అంటదు. మొదటి సిట్టింగు అయిన రాత్రి కూడా పాపను పక్కలో పడుకోబెట్టుకోవచ్చు. కుడి పక్కన పడుకోబెట్టండి. నాలుగేళ్ల పిల్లలు నిద్రలో కాళ్ళతో తంతారు, ఎడమ వైపు కొన్నాళ్లు నొప్పిగా ఉంటుంది.